వాపుకు ముందే అందే కబురు

మెదడులో నరం చిట్లిన మనిషికి తీసిన మొదటి సీటీ స్కాన్‌లో తెల్లగా కనిపించే నెత్తురు గడ్డ ఆ జబ్బు కొట్టే మొదటి దెబ్బ. రెండో దెబ్బ ఆ గడ్డ చుట్టూ మెదడు ఉబ్బడం. స్కాన్ తీసిన పూట ఆ వాపు గడ్డ చుట్టూ సన్నటి నల్లటి అంచు మాత్రమే. మొదటి 24 గంటల్లో అది వేగంగా పెరుగుతుంది, ఇంకో రోజో రెండు రోజులో ఆ జోరు కొనసాగుతుంది, తర్వాత నెమ్మదించినా రెండో వారం దాకా సాగవచ్చు. పుర్రె ఎముక కాబట్టి లోపల ఎంత ఉబ్బినా సాగి చోటివ్వదు. చేరిన రోజు మాట్లాడుతూ, పేరు చెప్పగలిగిన మనిషి మూడో రోజుకు మగతలోకి జారిపోయాడంటే దానికి ఉండే ముఖ్య కారణాల్లో ఈ వాపు ఒకటి. ఎవరికి అది ముదురుతుందో, ఎవరికి దానంతట అదే తగ్గుతుందో ముందుగా చెప్పే గుర్తు రక్తంలోనే దొరకవచ్చని కొన్నేళ్లుగా పరిశోధనలు సూచిస్తున్నాయి. ఆ గుర్తు మైక్రో ఆర్‌ఎన్‌ఏ. ఇలాంటి పరీక్ష పెద్ద నగరాల ఆసుపత్రుల కంటే కరీంనగర్, ఆదిలాబాద్ లాంటి చోట్లకే ఎక్కువ అవసరమని నా వాదన. అక్కడి మనుషుల రక్తం మీద నిగ్గు తేల్చకుండా దాన్ని అక్కడ వాడకూడదన్నది అదే వాదనలో రెండో భాగం.

ఎక్కువ అవసరం ఎందుకో దూరాలు చెబుతాయి. ఆదిలాబాద్ నుంచి హైదరాబాద్‌కు 44వ నంబరు జాతీయ రహదారి మీద దాదాపు 300 కిలోమీటర్లు. నాగపూర్ దాదాపు 200. అందుకే రోగిని ఎక్కించుకున్న బండి దక్షిణానికి తిరగాలా ఉత్తరానికి తిరగాలా అన్నది అక్కడి కుటుంబాలకు నిజమైన ప్రశ్న. ఉట్నూరు నుంచి ఆదిలాబాద్ చేరడానికే 50 కిలోమీటర్లు, గూడెం నుంచి ఉట్నూరుకు చేరడం మళ్లీ వేరే లెక్క. కరీంనగర్ పరిస్థితి కొంత నయం. హైదరాబాద్ 160 కిలోమీటర్ల చిల్లర, ఊరిని ఆనుకుని నగునూరులో ప్రతిమ, బొమ్మకల్‌లో చల్మెడ ఆనందరావు వైద్య కళాశాలలు, 2023 నుంచి ప్రభుత్వ వైద్య కళాశాల కూడా ఉన్నాయి. ఆదిలాబాద్‌లో రిమ్స్ వైద్య కళాశాల 2008 నుంచి పనిచేస్తోంది. అంటే మొదటి స్కాన్ ఇప్పుడు జిల్లాలోనే దొరుకుతుంది. రేయింబవళ్లు అందుబాటులో ఉండే న్యూరోసర్జరీ జట్టు, మెదడు ఒత్తిడిని గంటగంటకూ గమనించే ఐసీయూ పడక అంత తేలిగ్గా దొరకవు. కాబట్టి ఇక్కడి వైద్యుడి ముందున్న ప్రశ్న నగరంలోని వైద్యుడికి ఉండదు. ఈ మనిషిని ఇక్కడే ఉంచి చూసుకోవాలా, హైదరాబాద్‌కు రాయాలా? రాస్తే ఈ రాత్రే పంపాలా, రేపు పొద్దున చూసి పంపాలా?

ఈ ప్రశ్న ఎంతమందికి ఎదురవుతుందో చెప్పడానికి ప్రాణహిత అవతలి ఒడ్డు లెక్కలు పనికొస్తాయి. ఆసిఫాబాద్, మంచిర్యాల జిల్లాలకు ఆనుకునే ఉన్న మహారాష్ట్ర గడ్చిరోలిలో సెర్చ్ సంస్థ పరిశోధకులు 86 ఊళ్లలో 2011 నుంచి 2013 వరకు జరిగిన 1,599 మరణాలను ఒక్కొక్కటిగా ఆరా తీశారు. అందులో 229 మంది, అంటే ఏడుగురిలో ఒకరు, పక్షవాతంతో పోయారు. ఆ ఊళ్లలో మరే ఒక్క జబ్బూ అంతమందిని పొట్టనబెట్టుకోలేదు. వాళ్లలో 87 శాతం మంది ఇంట్లోనే ప్రాణం విడిచారు. అంతకు చాలా ముందే, 2003–04లో, ఉమ్మడి రాష్ట్రంలోని గోదావరి జిల్లాల్లో 45 ఊళ్ల మరణాలను పరిశీలించినప్పుడు మూడింట ఒక వంతు గుండె, రక్తనాళాల జబ్బులవేనని, అందులో గుండెపోటుకూ పక్షవాతానికీ దాదాపు సమాన వాటా ఉందని తేలింది. పడమటి దేశాల్లో పక్షవాతం రోగుల్లో నరం చిట్లినవాళ్లు పది, పదిహేను శాతం. మన దేశంలో ఆ వాటా అంతకంటే స్పష్టంగా ఎక్కువ. అదుపులో లేని బీపీ, ఉప్పు, పొగాకు, మద్యం దానికి మూలాలు. ఆదిలాబాద్ మన్యంలో చలికాలపు రాత్రులు రాష్ట్రంలోనే అతి చల్లనివి. చలికి రక్తనాళాలు ముడుచుకుని బీపీ పెరుగుతుందన్నది, ఇలాంటి రక్తస్రావాలు చలికాలంలో ఎక్కువన్నది ఎన్నో దేశాల్లో నమోదైన సంగతులే.

వాపు ఎలా వస్తుందో తెలిస్తేనే రక్తంలో దాని జాడ ఎందుకు వెతకాలో అర్థమవుతుంది. ఏళ్ల తరబడి అధిక బీపీ మెదడు లోతుల్లోని సన్నటి ధమనుల గోడలను బలహీనపరుస్తుంది. ఒక పూట అందులో ఒకటి చిట్లుతుంది. బయటపడ్డ నెత్తురు గడ్డకట్టి, ముడుచుకుంటూ తనలోని సీరంను చుట్టూ ఉన్న కణజాలంలోకి పిండేస్తుంది. ఇది మొదటి కొన్ని గంటల వాపు. గడ్డకట్టే పనిలో పుట్టిన థ్రాంబిన్ అనే ఎంజైము అక్కడితో ఊరుకోదు. మెదడులోని రక్తనాళాల లోపలి పొరను రెచ్చగొడుతుంది. ఆ పొర కణాలు ఒకదానికొకటి బిగుతుగా అతుక్కుని, రక్తంలోనిది మెదడులోకి ఇష్టారాజ్యంగా పోకుండా కాపలా కాస్తాయి. థ్రాంబిన్ దెబ్బకు, దాని వెంట వచ్చే మంటకు ఆ అతుకులు వదులవుతాయి. నీరు, ప్రొటీన్లు లోపలికి కారతాయి. ఇది రెండో అంకం, మొదటి రెండు మూడు రోజులది. ఆ తర్వాత గడ్డలోని ఎర్రకణాలు పగలడం మొదలవుతుంది. వాటిలోని హిమోగ్లోబిన్, అందులోని ఇనుము చుట్టుపక్కల కణాలకు విషమై వాపును ఇంకొన్నాళ్లు సాగదీస్తాయి. ఈ మూడింటిలో మనిషికీ మనిషికీ ఎక్కువ తేడా కనిపించేది, ముందుగా పసిగడితే ఉపయోగపడేది రెండో అంకం. ఒకే పరిమాణంలో గడ్డ ఉన్న ఇద్దరిలో ఒకరి కాపలా పొర నిలబడుతుంది, ఇంకొకరిది కూలుతుంది. స్కాన్‌లో గడ్డ కనిపిస్తుంది కానీ కాపలా పొర ఏ స్థితిలో ఉందో కనిపించదు.

ఆ పొర స్థితిని రక్తం చెప్పగలదన్న ఆశ మైక్రో ఆర్‌ఎన్‌ఏల వల్ల వచ్చింది. 1993లో విక్టర్ ఆంబ్రోస్, గ్యారీ రవ్‌కున్ బృందాలు మిల్లీమీటరు పొడవుండే ఒక నులిపురుగులో లిన్-4 అనే వింత జన్యువును వివరించాయి. ఆ జన్యువు ప్రొటీను తయారుచేయదు. సుమారు 22 అక్షరాల పొట్టి ఆర్‌ఎన్‌ఏ ముక్కను తయారుచేస్తుంది, ఆ ముక్క పోయి వేరే జన్యువు సందేశాన్ని పట్టుకుని అణచివేస్తుంది. ఏడేళ్లపాటు దాన్ని పురుగుకే పరిమితమైన విశేషంగా చూశారు. 2000లో దొరికిన లెట్-7 ఈగ నుంచి మనిషి దాకా ఉందని తేలాక లెక్క మారింది. ఈ కనుగోలుకే 2024 వైద్యశాస్త్ర నోబెల్ ఇచ్చారు. మనిషిలో ఇప్పటికి 2,600కు పైగా మైక్రో ఆర్‌ఎన్‌ఏలు జాబితాకెక్కాయి. ఏ కణం ఏ ప్రొటీను ఎంత చేయాలో అవి సరిదిద్దుతుంటాయి. కణానికి దెబ్బ తగిలితే వాటి పాళ్లు మారతాయి, అవి బయటకు కూడా వస్తాయి. ఆర్‌ఎన్‌ఏ రక్తంలో పడితే నిమిషాల్లో ఎంజైములు తినేయాలి. కానీ 2008లో అమెరికా, చైనా బృందాలు విడివిడిగా చూపినదేమంటే, మైక్రో ఆర్‌ఎన్‌ఏలు ప్లాస్మాలో ఆశ్చర్యంగా నిలదొక్కుకుంటాయి. కొన్ని ఆర్గోనాట్ అనే ప్రొటీన్లను అంటిపెట్టుకుని, కొన్ని కణాలు విడిచిన సూక్ష్మ సంచుల్లో దాక్కుని తిరుగుతాయి. గొట్టంలో రక్తం తీసి, పీసీఆర్‌తో లెక్కపెట్టవచ్చు.

మెదడు వాపు విషయంలో ఇంతవరకు బాగా ముందుకొచ్చిన మైక్రో ఆర్‌ఎన్‌ఏలు రెండు. మొదటిది మిర్-126. ఇది ప్రధానంగా రక్తనాళాల లోపలి పొర కణాలది. 2008లో ఎలుకల్లో, జీబ్రా చేపల్లో దీన్ని తీసేసి చూస్తే రక్తనాళాలు కారాయి, రక్తస్రావాలు అయ్యాయి. అంటే పొరను బిగుతుగా ఉంచడంలో దానికి పాత్ర ఉంది. 2015లో చైనాలో నరం చిట్లిన రోగుల సీరంలో మిర్-126 తగ్గిందని, తగ్గుదలకూ గడ్డ చుట్టూ వాపుకూ సంబంధం ఉందని ప్రచురించారు. రెండోది మిర్-130ఎ. దీని దారి ఎదురుదారి. 2016లో వూహాన్ పరిశోధకులు రక్తస్రావమైన తొలి రోజుల్లో ఇది పెరిగినవాళ్లలో వాపు తీవ్రంగా ఉందని, తర్వాతి కోలుకోవడం అంతంతమాత్రంగా ఉందని చూపారు. వాళ్లు అక్కడితో ఆగలేదు. మెదడు రక్తనాళాల పొర కణాల మీద థ్రాంబిన్ పోస్తే మిర్-130ఎ పెరిగింది. అది కేవియోలిన్-1 అనే ప్రొటీనును తగ్గించింది, కణాల మధ్య అతుకులను కొరికే ఎంజైములు పెరిగాయి, పొర కారింది. ఎలుకల్లో దాన్ని అడ్డుకుంటే వాపు తగ్గింది. నాకు ఈ రెండో అధ్యయనం ఎక్కువ విలువైనదిగా అనిపించడానికి కారణం రోగుల రక్తంలో కనిపించిన సంఖ్య కంటే దాని వెనక థ్రాంబిన్ నుంచి వాపు దాకా ఒక్కో మెట్టూ కనిపించడమే. కారణం తెలిసిన గుర్తును నమ్మడం, సరిచేయడం, తప్పయితే పట్టుకోవడం తేలిక.

ఇక్కడ న్యూరాలజిస్టులు వేసే మొదటి అభ్యంతరం బలమైనది. స్కాన్ ఉండగా రక్తం ఎందుకు? వాపు ఎంతుందో స్కాన్‌లోనే కొలవచ్చు కదా? నిజమే, ఈ రోజు ఎంతుందో కొలవవచ్చు. మంచిర్యాల, మంథని వాసులకు గోదావరి ఎంత పెరిగిందో గట్టు మీద నిలబడితే తెలుస్తుంది. కానీ వాళ్లు సామాన్లు సర్దుకునేది గట్టు చూసి కాదు, పైన శ్రీరాంసాగర్‌లో, కడెంలో గేట్లు ఎత్తారన్న కబురు విని. స్కాన్ గట్టు దగ్గరి నీటిమట్టం చెబుతుంది. ఎగువన గేటు తెరుచుకుందా లేదా అన్నది పొర కణాల సంగతి, అది అందే దారి రక్తం. అయితే ఈ అభ్యంతరంలోనే ఇంకో పదునైన ముక్క ఉంది. పెద్ద గడ్డకు పెద్ద వాపు రావడం సహజం. మైక్రో ఆర్‌ఎన్‌ఏ సంఖ్య గడ్డ పరిమాణాన్నే తిరిగి చెబుతున్నట్టయితే దానివల్ల కొత్తగా తెలిసేదేమీ లేదు, స్కాన్ మీద స్కేలు పెట్టి పొడవు, వెడల్పు, మందం గుణించి రెండుతో భాగిస్తే గడ్డ ఘనపరిమాణం ఎలాగూ వస్తుంది. కాబట్టి మిర్-126కైనా మిర్-130ఎకైనా అసలు పరీక్ష ఇది: గడ్డ పరిమాణం, రోగి వయసు, స్పృహ స్థాయి ఇవన్నీ లెక్కలోకి తీసుకున్నాక కూడా అది అదనంగా ఏమైనా చెబుతుందా? ఇప్పటిదాకా వచ్చిన అధ్యయనాలు చాలావరకు ఒకే ఆసుపత్రికి చెందిన చిన్న గుంపుల మీద జరిగినవి, ఈ ప్రశ్నకు తుది జవాబు చెప్పే బలం వాటికి లేదు.

రెండో అభ్యంతరం గణితానిది. 2,600 మైక్రో ఆర్‌ఎన్‌ఏలను ఒకేసారి పరీక్షించి, నూటికి ఐదు పొరపాట్లు సహిస్తామనుకుంటే, అసలు ఏ సంబంధమూ లేకపోయినా 130 పేర్లు గుర్తులుగా పైకి తేలతాయి. ఒక ఊళ్లో దొరికిన గుర్తు ఇంకో ఊళ్లో కనిపించకుండా పోవడానికి ఇది పెద్ద కారణం. మూడోది ఇంకా ఇబ్బందికరమైనది. ఈ అణువులు మెదడు నుంచే వచ్చాయని రక్తానికి ముద్ర ఉండదు. మిర్-126 ఒళ్లంతా ఉన్న రక్తనాళాల నుంచి, ప్లేట్‌లెట్ల నుంచి కూడా వస్తుంది. టైప్-2 మధుమేహం ఉన్నవాళ్ల ప్లాస్మాలో అది తక్కువని 2010లోనే చూపారు. ఆస్పిరిన్ లాంటి ప్లేట్‌లెట్ మందులు వేసుకున్నా తగ్గుతుందని 2013లో తేలింది. ఇప్పుడు కరీంనగర్‌లో నరం చిట్లి చేరే అరవై ఏళ్ల మనిషిని తలచుకోండి. షుగరు ఉంటుంది, గుండెకు ఎప్పుడో రాసిన ఆస్పిరిన్ బిళ్ల ఇంకా వేసుకుంటూనే ఉంటాడు. ఆయన రక్తంలో మిర్-126 తక్కువుంటే అది మెదడు పొర కూలుతోందని చెబుతోందా, షుగరుందని చెబుతోందా, బిళ్ల సంగతి చెబుతోందా? దీనికి నాకు తోచే జవాబు ఒక్కటే: విడి సంఖ్యను నమ్మకూడదు. అదే మనిషిలో చేరినప్పుడు ఎంత, 12 గంటల తర్వాత ఎంత అని మార్పును చూడాలి. షుగరు, పాత బిళ్ల ప్రభావం రెండు గొట్టాల్లోనూ ఒకేలా ఉంటుంది, రక్తస్రావం తెచ్చిన మార్పు మాత్రమే తేడాగా మిగులుతుంది.

గొట్టం మాట వచ్చింది కాబట్టి దాన్ని దగ్గరగా చూద్దాం, ఎందుకంటే ఈ మొత్తం వ్యవహారం నెగ్గేదీ ఓడేదీ అక్కడే. రక్తం ఊదా రంగు మూత ఉన్న ఈడీటీఏ గొట్టంలోకి తీయాలి. ఆకుపచ్చ మూత గొట్టంలోని హెపారిన్ పీసీఆర్‌ను చెడగొడుతుంది. గొట్టాన్ని మెల్లగా తలకిందులు చేసి, త్వరగా సెంట్రిఫ్యూజ్‌లో తిప్పితే పైన లేత పసుపు ప్లాస్మా తేలుతుంది. సన్నటి సూదితో బలంగా లాగినా, గొట్టాన్ని కుదిపినా, బండిలో గుంతల రోడ్డు మీద ఎండలో గంటలు తిప్పినా ఎర్రకణాలు పగిలి ప్లాస్మా గులాబీ రంగు తిరుగుతుంది. ఎర్రకణాల్లో మిర్-451, మిర్-16 దండిగా ఉంటాయి. కంటికి గులాబీ రంగు కనిపించేంత పగలకపోయినా సరే, ఫలితాలు తారుమారవుతాయి. అందుకే పరిశోధకులు ప్రతి నమూనాలో ఎర్రకణాలకు సంబంధించిన మిర్-451ను, వాటితో సంబంధం లేని మిర్-23ఎను కొలిచి, రెండింటి తేడా హద్దు దాటితే ఆ నమూనాను పక్కన పెడతారు. మే నెలలో 45 డిగ్రీలు దాటే ఆదిలాబాద్‌లో, ఉట్నూరు నుంచి వచ్చే గొట్టానికి ఈ జాగ్రత్త మరీ అవసరం. ప్లాస్మాను రక్తం తీసిన చోటే వేరుచేసి చల్లగా పంపడం తప్ప వేరే దారి లేదు.

ఈ జాగ్రత్తలోనే ఒక ఉచ్చు ఉంది. వూహాన్‌లో కూర్చుంటే అది కనబడదు. ఆదిలాబాద్, ఆసిఫాబాద్ జిల్లాల గోండు, కొలాం, పర్ధాన్ గూడేల్లో సికిల్‌సెల్ జన్యువు ఉంది. తల్లి నుంచీ తండ్రి నుంచీ ఆ జన్యువు అందిన వ్యక్తికి ఎర్రకణాలు 120 రోజులకు బదులు రెండు మూడు వారాల్లోనే పగిలిపోతుంటాయి. అంటే అతని ప్లాస్మాలో ఎర్రకణాల మైక్రో ఆర్‌ఎన్‌ఏలు ఎప్పుడూ ఉంటాయి, సూది వేసిన చేయి ఎంత నేర్పుగలదైనా సరే. పైగా సికిల్‌సెల్ ఎర్రకణాల్లో మిర్-144, మిర్-451 లాంటివాటి పాళ్లే వేరు. ఇలాంటి రోగి నమూనాను పైన చెప్పిన హద్దు ‘పాడైన నమూనా’ అని తోసేస్తుంది. నాణ్యత కోసం పెట్టిన నియమమే ఆదివాసీ రోగిని అధ్యయనం నుంచి బయటకు నెడుతుంది, ఆ తర్వాత ఆ పరీక్ష అతనికి పనికొస్తుందో లేదో ఎవరికీ తెలియదు. సికిల్‌సెల్ ఉన్నవాళ్లలో ఇరవైల వయసులోనే మెదడులో రక్తస్రావం అయ్యే ముప్పు ఎక్కువ కాబట్టి ఇది ఊహకు అందని కష్టమేమీ కాదు. ఒక్క జన్యువే ఉండి జబ్బు లేనివాళ్లలో కణాలు ఇలా పగలవు, వాళ్లను వేరుగా లెక్కించాలి. 2023 జులైలో మొదలైన జాతీయ సికిల్‌సెల్ మిషన్ కింద జరుగుతున్న పరీక్షల వల్ల ఎవరికి ఏముందో కార్డులో రాసి ఉండే రోజులు వస్తున్నాయి. ఆ సమాచారాన్ని మెదడు రక్తస్రావ అధ్యయనంతో కలపడం ఇక్కడే సాధ్యం. విదేశీ హద్దులను యథాతథంగా తెచ్చుకోకూడదని నేను పట్టుబట్టేది ఇందుకే.

ఇక సమయం. మైక్రో ఆర్‌ఎన్‌ఏ పరీక్షను అంబులెన్సులో చేయాలని ఆశపడేవాళ్లున్నారు. ఆ ఆశకు బలమైన కారణం కూడా ఉంది. 2024లో ప్రచురితమైన ఇంటరాక్ట్-4 అనే చైనా పరీక్షలో 2,404 మంది పక్షవాతం రోగులకు అంబులెన్సులోనే, స్కాన్ లేకుండా, బీపీ తగ్గించి చూశారు. నరం చిట్లినవాళ్లకు మేలు జరిగింది, నరం మూసుకుపోయినవాళ్లకు హాని జరిగింది. రెండూ కలిపితే సున్నా. ఎవరిది ఏ రకమో బండిలోనే తెలిస్తే ఎన్ని ప్రాణాలు నిలబడేవో ఈ ఒక్క ఫలితం చెబుతుంది. కానీ ఆ పనికి మైక్రో ఆర్‌ఎన్‌ఏ సరిపోదు. ప్లాస్మా నుంచి ఆర్‌ఎన్‌ఏ తీసి, డీఎన్‌ఏగా మార్చి, పీసీఆర్ పూర్తిచేసేసరికి నాలుగైదు గంటలు పడుతుంది. అక్కడ నిమిషాల్లో కొలవదగ్గ జీఎఫ్‌ఏపీ అనే ప్రొటీను ముందుంది. నరం చిట్లినప్పుడు అది రక్తంలోకి త్వరగా వస్తుందని, మూసుకుపోయినప్పుడు ఆలస్యంగా వస్తుందని జర్మన్ పరిశోధకులు 2012లో పలు ఆసుపత్రుల్లో చూపారు. మైక్రో ఆర్‌ఎన్‌ఏ ప్రశ్న రెండో రోజుది. చేరిన రాత్రి ఒక గొట్టం, మర్నాడు పొద్దున ఇంకోటి, మధ్యాహ్నానికి జవాబు. ఈ మనిషికి వాపు ముదిరేలా ఉంది, స్పృహలో ఉండగానే పంపండి అనో, ముదిరేలా లేదు, ఇక్కడే బీపీ, షుగరు, జ్వరం చూసుకుంటూ ఉంచండి అనో. ఇందుకు నాలుగైదు గంటలు ఎక్కువేమీ కాదు. కోవిడ్ కాలంలో జిల్లా స్థాయి వైద్య కళాశాలలకు వచ్చిన ఆర్టీపీసీఆర్ యంత్రాలు, వాటిని నడపడం నేర్చిన టెక్నీషియన్లు ఇదే పనికి పనికొస్తారు. 2021లో జిల్లా కేంద్రాల్లో మొదలైన తెలంగాణ డయాగ్నస్టిక్స్ ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల నుంచి నమూనాలు తెప్పించే అలవాటును కూడా నెలకొల్పింది.

జవాబు తెలిసి మాత్రం చేసేదేముంది, వాపును ఆపే మందే లేదు కదా అన్నది వైద్యులే నిరాశగా అనే మాట. వాపుకు నిరూపితమైన మందు లేదన్నది నిజం. ఇనుమును పట్టేసే డిఫెరాక్సమిన్‌తో అమెరికా, కెనడాల్లో చేసిన ప్రయత్నం 2019లో స్పష్టమైన విజయం ఇవ్వలేదు. మన దేశంలో విరివిగా ఎక్కించే మానిటాల్ సంగతి లక్నోలోని సంజయ్ గాంధీ సంస్థ న్యూరాలజిస్టులు 2005లోనే తేల్చి చూశారు. 128 మంది రోగుల్లో మానిటాల్ వేసినవాళ్లకూ వేయనివాళ్లకూ తేడా కనబడలేదు. అయినా వేస్తూనే ఉన్నారు, ఎందుకంటే ఎవరికి వాపు వస్తుందో తెలియనప్పుడు చేతులు కట్టుకు కూర్చోవడం కష్టం. మానిటాల్ ఒంట్లో నీటిని లాగేస్తుంది, మూత్రపిండాల మీద భారం వేస్తుంది. ఎండాకాలంలో చెమటోడ్చి, నీరు తగ్గి వచ్చిన రైతుకో, సింగరేణి కార్మికుడికో ఆ భారం చిన్నది కాదు. వాపు రాదని నమ్మకంగా చెప్పగల పరీక్ష ఉంటే కనీసం ఆ సీసా తప్పుతుంది. ఇంకో సంగతి: ఎవరికి వాపు ముదురుతుందో ముందే తెలిస్తే కొత్త మందులను వాళ్లమీదే పరీక్షించవచ్చు. వాపు రానివాళ్లను కూడా కలిపేసి పరీక్షిస్తే మంచి మందు కూడా పనిచేయనట్టే కనబడుతుంది. ఇక జాగ్రత్తగా చేసే మామూలు వైద్యం చిన్నదని అనుకోకూడదు. 2023లో వచ్చిన ఇంటరాక్ట్-3 ఫలితాలు పది దేశాల్లోని 7,036 మంది రోగులవి, వాటిలో భారతదేశమూ ఉంది. గంటలోపు బీపీని 140కి దించి, షుగరు, జ్వరం, రక్తం పలుచబరిచే మందుల ప్రభావాన్ని ఒక క్రమంలో అదుపుచేస్తే మరణాలూ వైకల్యాలూ తగ్గాయని అవి చూపాయి. దీనికి కావలసింది కొత్త యంత్రం కాదు, పట్టుదల గల నర్సు, ఆ గంటను లెక్కపెట్టే వార్డు.

కాబట్టి ఆ డబ్బేదో బీపీ బిళ్లలకే పెట్టరాదా అని ఎవరైనా అడిగితే, పోటీ నిజంగా ఆ రెండింటి మధ్యే అయితే నేను బీపీ బిళ్ల పక్షానే నిలబడతాను. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019–21 లెక్కల్లో తెలంగాణలో పదిహేనేళ్లు దాటిన మగవాళ్లలో మూడో వంతుకు దగ్గరగా, ఆడవాళ్లలో నాలుగో వంతు మందికి బీపీ ఎక్కువ. దేశంలో బీపీ నియంత్రణ కార్యక్రమం మొదట చేపట్టిన రాష్ట్రాల్లో తెలంగాణ ఒకటి. ఒక్క ఏడాది మానకుండా బిళ్ల వేసుకున్న ఊరు ఎన్ని మైక్రో ఆర్‌ఎన్‌ఏ పరీక్షలకైనా పైచేయే. కానీ బిళ్ల వేసుకోని మనిషి, లేదా ఆర్‌ఎంపీ ఇచ్చిన బిళ్ల నయమైందనుకుని మానేసిన మనిషి ఈ రాత్రి రిమ్స్‌కు వస్తాడు. అతని కుటుంబం ముందున్న ప్రశ్నకు బీపీ కార్యక్రమం దగ్గర జవాబు లేదు. ఆరోగ్యశ్రీ ఆసుపత్రి బిల్లు చెల్లించవచ్చు. హైదరాబాద్‌లో ఇద్దరు మనుషుల రెండు వారాల తిండి, బస, ఇంటి దగ్గర పోయిన కూలి, కోతకొచ్చిన పత్తి ఎవరు చెల్లిస్తారు? అక్కరలేని ప్రయాణాన్ని తప్పించడం కూడా వైద్యమే. దారిలో, నిర్మల్ దాటాకనో కామారెడ్డి దగ్గరో, మనిషి స్పృహ తప్పకముందే పంపడం అంతకంటే పెద్ద వైద్యం.

ఈ ప్రశ్న తేల్చే అధ్యయనం ఎలా ఉండాలో ఊహించడం కష్టమేమీ కాదు, ఖరీదు కూడా మరీ ఎక్కువ కాదు. రిమ్స్, కరీంనగర్ కళాశాలల్లో నరం చిట్లి చేరిన ప్రతి రోగి నుంచి చేరినప్పుడు, 12 గంటలకు, 24 గంటలకు గొట్టం తీయాలి. ప్లాస్మాను అక్కడికక్కడే వేరుచేసి అతిచల్లగా ఘనీభవింపజేయాలి. మొదటి రోజు, మూడో రోజు, వీలైతే ఏడో రోజు స్కాన్‌లో వాపు కొలిచేవాళ్లకు రక్తం సంగతి తెలియకూడదు, రక్తం కొలిచేవాళ్లకు స్కాన్ సంగతి తెలియకూడదు. 2,600 పేర్లు జల్లెడ పట్టకుండా మిర్-126, మిర్-130ఎ, ఇంకో రెండు మూడింటిని మాత్రమే, ముందే రాసిపెట్టుకుని చూడాలి. షుగరు, ఆస్పిరిన్, సికిల్‌సెల్ స్థితి ప్రతి రోగికీ నమోదు కావాలి, సికిల్‌సెల్ రోగులకు నమూనా నాణ్యత హద్దు వేరుగా నిర్ణయించాలి. మూడు నెలలకు ఎవరు సొంతంగా నడుస్తున్నారో, ఎవరు మంచం మీద ఉన్నారో, ఎవరు పోయారో ఇంటికి ఫోన్ చేసి తెలుసుకోవాలి. గెలుపు ఓటములకు గీత కూడా ముందే గీసుకోవాలి. గడ్డ పరిమాణం, వయసు, స్పృహ స్థాయితో ఒక సీనియర్ వైద్యుడు వేసే అంచనాకు ఈ సంఖ్యలు కలిపితే, పంపాల్సినవాళ్లను పంపడంలో, ఉంచాల్సినవాళ్లను ఉంచడంలో తేడా రావాలి. ఆదిలాబాద్‌లో వచ్చిన తేడా కరీంనగర్‌లోనూ రావాలి. రాకపోతే ఆ ఫలితాన్ని అంతే స్పష్టంగా ప్రచురించి, ఆ గొట్టాలను జీఎఫ్‌ఏపీ లాంటి ప్రొటీన్ల పరీక్షకు మళ్లించాలి. ఘనీభవింపజేసి దాచిన ప్లాస్మా అందుకు కూడా పనికొస్తుంది.